మామ పటంలో నా ముఖం

నేను బతికుండగానే నా పటానికి దండ పడుతోంది. ఒకటి రెండేళ్లు కాదు, పదిహేనేళ్ల పైమాటే. అమరచింతలో మా మేనమామ ఇంట్లో, నడిమి అర్ర గోడకు ఒక రాజు వేషం ఫోటో ఉంది. దాన్ని తీసింది నేనని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. వచ్చినవాళ్లకు చూపించి గొప్పగా చెప్పుకుంటారు కూడా. అందులో ఉన్నది మామ కాదు, నేను. అది మాత్రం ఎవరికీ తెలియదు. ఏటా ఆయన పోయిన తిథి నాడు ఆ పటానికి బొట్టు పెడతారు. దండ వేస్తారు. ముందు విస్తరి పరిచి ఆయనకు ఇష్టమైనవన్నీ వడ్డిస్తారు. ఆ పక్క పీట మీద కూర్చుని నేను అన్నం తింటాను.

ఇంత బరువును మోస్తూ మనిషి మామూలుగా ఎలా తిరుగుతాడని మీరు అడగవచ్చు. తిరుగుతాడు. అలవాటవుతుంది.

నా పేరు చెప్పను. మీరు నన్ను ఎరగరు, నేను మిమ్మల్ని ఎరగను. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. నేను సిగ్గుతో కుంగిపోయి ఇది రాస్తున్నానని అనుకోకండి. కుంగిపోయి ఉంటే ఎప్పుడో ఎవరి కాళ్లో పట్టుకుని చెప్పేసేవాణ్ణి. ఆ ఫోటో చూసిన ప్రతిసారీ నా ఛాతీ ఉబ్బుతుంది. అంత మంచి ఫోటో దానికి ముందు నేను తీయలేదు, తర్వాతా తీయలేదు. తప్పు చేసినవాడికి ఆ తప్పు మీదే గర్వం ఉండవచ్చా? నాకు ఉంది. అది కూడా ఒప్పుకోవాల్సిన వాటిలోదే.

మాది గద్వాల. మగ్గం ఇల్లు. నేను బడికి పోయే వయసులోనే అమ్మ పోయింది. అమ్మకు అన్న నర్సింహులు మామ. సెలవులు వస్తే ఆయనే వచ్చి నన్ను అమరచింతకు తీసుకుపోయేవాడు. అత్త నన్ను తన బిడ్డ పద్మతో పాటే కూర్చోబెట్టి అన్నం పెట్టేది. మామ కూడా నేతగాడే. కానీ చుట్టుపక్కల ఊళ్లలో ఆయన నేసిన చీరల గురించి ఎవరూ మాట్లాడేవారు కాదు. రాజు నర్సింహులు అనేవారు. హార్మోనియం పంతులు వచ్చి ఊళ్లో నాటకం నేర్పితే, ఆ నాటకం ఏదైనా సరే, రాజు ఆయనే. మామూలప్పుడు బక్కపలచని మనిషి. తలలో నూలు పోగులు చిక్కుకుని ఉండేవి. పది మందిలో ఉంటే కనబడేవాడు కాదు. వేషం కట్టి తెర వెనక నుంచి వచ్చాడంటే ముందు వరసలో కూర్చున్న దొరలు కూడా సర్దుకుని కూర్చునేవారు. రంగు పూస్తే ఆయన వయసు సగానికి సగం తగ్గిపోయేది. ఊళ్లో అందరూ అనే మాటే అది.

నాది అమ్మ పోలిక. అంటే మామ పోలికే. ముక్కు, గడ్డం, నొసలు అన్నీ ఆయనవే. చిన్నప్పుడు ఆ మాట అంటే మురిసిపోయేవాణ్ణి.

ఎనభైల మొదట్లో నేను వనపర్తిలో పంచాయతీ సమితి ఆఫీసులో గుమాస్తాను. రోజంతా ఎవరో ఒకరి ముందు చేతులు కట్టుకుని నిలబడే ఉద్యోగం. బొంబాయి నుంచి వచ్చిన ఒకాయన దగ్గర పాత జపాన్ కెమెరా దొరికితే కొనుక్కున్నాను. ఆదివారాలు దాన్ని మెడలో వేసుకుని తిరిగేవాణ్ణి. ఎడ్లను తీశాను, వాగులు తీశాను, తోటి గుమాస్తాల పిల్లల పుట్టినరోజులు తీశాను. వనపర్తి బస్టాండు దగ్గర ఒక స్టూడియో ఉండేది. దాని యజమాని నన్ను తన చీకటి గదిలో ఫోటోలు కడుక్కోనిచ్చేవాడు. ఒకరోజు నా ఫోటోలన్నీ తిరగేసి పక్కన పెట్టాడు. ఎడ్లను ఎవడైనా తీస్తాడు, వేషం కట్టిన మనిషిని తీసి పట్టుకురా, ముఖంలో పాత్ర కనబడాలి, అలా తీస్తే నా అద్దాల పెట్టెలో పెడతాను అన్నాడు. ఆ అద్దాల పెట్టె బజారుకు ఎదురుగా ఉండేది. బస్సు దిగినవాళ్లందరి కళ్లూ దాని మీదే పడేవి.

నాకు వేరే మనిషి తట్టనే లేదు. మామకు కబురు పంపాను.

ఉగాది దాటిన తర్వాత ఒక ఆదివారం, పొద్దున్నే వేషాల సందూక నెత్తిన పెట్టుకుని గద్వాలలో బస్సు దిగాడు మామ. మా నాయన మగ్గం గదిలో నూలంతా ఒక మూలకు జరిపి చోటు చేశాడు. గోడకు నల్ల గొంగడి కట్టాను. కిటికీకి ఎదురుగా తెల్ల పంచె పట్టి కట్టాను, వెలుతురు దాని మీద పడి రెండో చెంపకు తిరిగి రావాలని. ఇదంతా ఒక పాత పత్రికలో చూసి నేర్చుకున్నదే. ఒక మనిషిని కూర్చోబెట్టి, ఇలా తిరుగు, అలా చూడు అని చెప్పి తీయడం నాకు అదే మొదలు. మామ చిన్న అద్దం ముందు కూర్చుని ముఖానికి రంగు వేసుకోవడం మొదలుపెట్టాడు. జింకు పొడిలో కొబ్బరినూనె, కుంకుమ కలిపి చెంపలకు రాసుకున్నాడు. కనుబొమ్మలు దిద్దుకున్నాడు. మీసం అతికించుకున్నాడు. మఖ్మల్ అంగీ, భుజాల మీద రేకులు, నడుముకు పట్టీ. చివర కిరీటం. దానికి అక్కడక్కడ అద్దాలు ఊడి ఉన్నాయి. అప్పుడు లేచి నిలబడ్డాడు. మగ్గం గది చిన్నదైపోయింది.

కుర్చీలో ఎలా కూర్చోవాలో ఆయనకు చెప్పబోయాను. జర వెనక్కి జరుగు మామా అన్నాను. ఆయన నవ్వాడు.

“రాజు కుర్చీ కాడికి పోడు అల్లుడా. కుర్చే రాజు కిందికొస్తది. నువ్వు నీ డబ్బ చూసుకో.”

కెమెరాను చూడమంటే, దాన్ని చూడను, దాని వెనక సభ ఉంది, దాన్ని చూస్తాను అన్నాడు. ఆ మధ్యాహ్నం నేను ఆయనకు చెప్పింది ఏమీ లేదు. ఆయన కూర్చుంటే నేను నొక్కాను. మీట తిప్పాను, మళ్లీ నొక్కాను. ఎండకు రంగు కారి మెడ మీదికి వచ్చేదాకా కూర్చున్నాడు. ఒక్కసారి కూడా చాలన్న మాట అనలేదు. నాకు అప్పుడే తెలిసిపోయింది, నేను ఫోటోగ్రాఫర్ని అయిపోయానని. సాయంత్రం ముఖం కడుక్కుని, సందూక మా ఇంట్లోనే పెట్టి పోయాడు. కిరీటానికి అద్దాలు గద్వాలలో ఎవరితోనైనా వేయించమన్నాడు.

మరునాడు వనపర్తిలో చీకటి గదిలో ఫిల్ము కడిగాను. నీళ్లలోంచి పైకి తీసి దీపానికి ఎదురుగా పట్టాను. ఈ చివర నుంచి ఆ చివర దాకా గాజులాగా ఉంది. ఒక్క మచ్చ లేదు.

ఫిల్ము కొస చక్రానికి పట్టుకోలేదు. నేను సరిగా ఎక్కించలేదు. మీట తిప్పిన ప్రతిసారీ లోపల చక్రం ఒట్టిగా తిరిగింది, ఫిల్ము ఉన్నచోటే ఉంది. కెమెరా పట్టిన మొదటివారం ఎవరైనా చేసే పొరపాటు అది. ఆ ఆత్రంలో, ఆ గొప్పలో, నేను చూసుకోలేదు.

ఇది తప్పు కాదు. ఇంతవరకు జరిగింది పొరపాటు. నా తప్పు ఆ గది తలుపు తీసుకుని బయటికి వచ్చాక మొదలైంది. ఎట్లా వచ్చినయ్ అని స్టూడియో ఆయన అడిగాడు. మంచిగ వచ్చినయ్ అన్నాను. ఫిల్ము జేబులో ఉంది.

ఎందుకన్నాను? ఎన్నోసార్లు అడుక్కున్నాను ఈ ప్రశ్న. మామకు చెబితే ఆయన తిడతాడనా? తిట్టేవాడే కాదు. అయితే ఇంకోసారి కడదాం తీయ్ అల్లుడా అని, పై ఆదివారం మళ్లీ బస్సెక్కి వచ్చేవాడు. సంతోషంగా వచ్చేవాడు. ఆయనకు వేషం కట్టడం కన్నా కావలసింది ఏముంది? ఇదంతా నాకు అప్పుడే తెలుసు. తెలిసీ చెప్పలేదు. చెబితే ఆ ఒక్క మధ్యాహ్నం నేను ఫోటోగ్రాఫర్ని అన్న మాట అబద్ధమైపోతుంది. అది నాకు ఇష్టం లేదు. అంతే. ఇంతకన్నా పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునని చాలా వెతికాను. లేదు.

ఎండాకాలమంతా మామ బాగానే ఉన్నాడు. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి. అమరచింత నుంచి వచ్చే ప్రతి మనిషితో ఫోటోల సంగతి కనుక్కునేవాడు. ఒకసారి తానే వనపర్తికి వచ్చాడు. ఆఫీసు బయట వేపచెట్టు కింద, లోపలికి రావచ్చో లేదోనని నిలబడి ఉన్నాడు. పెద్ద ఫోటో చేయించడానికి హైదరాబాద్ పంపానని చెప్పాను. తొందరేం లేదన్నాడు. తెచ్చిన పల్లీల సంచి నా చేతికిచ్చి, పెద్దసార్లకు కూడా పెట్టమని చెప్పి వెళ్లిపోయాడు. ఆ రోజుకు సందూక మా ఇంట్లోనే ఉంది. కిరీటానికి అద్దాలు వేయించి కూడా ఉన్నాయి. ఒక్క మాట చెబితే సరిపోయేది.

వానలు పడ్డాక ఆయన మగ్గం మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాడు. ఎడమ పక్క పడిపోయింది. కర్నూలు పెద్ద దవాఖానకు తీసుకుపోయి, అక్కడ లాభం లేదంటే ఇంటికి తెచ్చారు. మాట ఉంది కానీ నెమ్మదిగా వచ్చేది. కళ్లకు పొర ముందే ఉండేదట, ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మనిషి ఆకారం తప్ప ఏమీ కనబడటం లేదన్నారు. చూసి రావడానికి పోయిన మా నాయన అక్కడి నుంచి కబురు పంపాడు. మామ ఫోటో అడుగుతున్నాడు, తీసుకుని రా అని.

నాయన అమరచింతలో ఉన్నాడు. గద్వాలలో ఇల్లు ఖాళీగా ఉంది. సందూక ఉంది.

గొంగడి కట్టాను. పంచె కట్టాను. ఆయన రంగు ఎలా కలిపాడో చూసినవాణ్ణే కనుక కలుపుకున్నాను. మీసం అతికించుకున్నాను. ఆయన అంగీ నాకు సరిపోయింది. కెమెరాను స్టాండు మీద పెట్టి, దానంతట అదే నొక్కుకునే మీట తిప్పి, అది జుయ్యిమంటుండగా పరుగెత్తి కుర్చీలో కూర్చున్నాను. మొదట్లో ఏదీ కుదరలేదు. వేషం కట్టిన గుమాస్తాలా ఉన్నానని నాకే తెలుస్తోంది. మెడ వంగిపోతోంది. పై అధికారి ముందు వంగీ వంగీ అలవాటైన మెడ. అప్పుడు పరుగెత్తడం మానేశాను. మీట తిప్పి, నిదానంగా నడిచి వచ్చాను. కుర్చీ నా కిందికి వచ్చింది. కెమెరాను చూడలేదు. దాని వెనక మగ్గం ఉంది, నూలు ఉంది, గోడ ఉంది. నేను వాటిని చూడలేదు. సభను చూశాను. ఊపిరి దానంతటదే బిగుసుకుంది. టప్పుమన్న చప్పుడు వినబడింది. ఫోటో వచ్చిందని కడగకముందే తెలిసింది.

ఈసారి ఫిల్ము ఎక్కించేటప్పుడు చక్రం తిరుగుతోందో లేదో చూసుకున్నాను. మీరు నవ్వినా నవ్వవచ్చు.

వనపర్తిలో కాగితం మీద ఆ ముఖం మెల్లగా పైకి తేలుతుంటే నేను దాని మీదికి వంగిపోయాను. అంత బాగుంది. ఒక చెంప వెలుతురులో, ఒక చెంప నీడలో. కళ్లలో ఎవరికీ తలవంచని చూపు. నీడ ఉన్న పక్క ఇంకొంచెం నల్లగా వచ్చేలా కడిగాను, నాకూ మామకూ తేడా ఉన్నచోటల్లా నీడ పడేలా. స్టూడియో ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు. తర్వాత, ఇంకోటి నాకు చేసియ్యి, పెట్టెలో పెడతా అన్నాడు.

మరునాడు అమరచింతకు పోయాను. మామ మంచం మీద ఉన్నాడు. అత్త ఆయన వెనక కూర్చుని తలను ఒడిలో పెట్టుకుంది. ఫోటో చేతికిచ్చాను. కుడిచేత్తో కళ్లకు దగ్గరగా పట్టుకున్నాడు, దూరంగా పెట్టాడు, మళ్లీ దగ్గరికి తెచ్చాడు. తెల్లది కనబడుతుందట, నల్లది కనబడుతుందట. అంతే. నా చేయి పట్టుకున్నాడు.

“నువ్వే చెప్పు అల్లుడా. కిరీటం సక్కగ కూసున్నదా?”

“కూసున్నది మామా.”

“మెడ?”

“వంగలె.”

“కండ్లెట్లున్నయ్?”

“సభనంతా సూస్తున్నట్టే ఉన్నయ్.”

నా చేయి వదిలి ఫోటోను వేళ్లతో తడిమాడు. నేను ఇక ఏమీ అడగడనుకున్నాను.

“పద్యం ఎత్తుకునే ముందల ఊపిరి బిగవడ్త నేను. గప్పుడు గూడ గట్లనే బిగవట్టిన. అండ్ల తెలుస్తుందా?”

“తెలుస్తుంది మామా.”

“అయితే మంచిగ తీసినవ్ బిడ్డా,” అన్నాడు. తర్వాత తల కొంచెం పైకెత్తి అత్తతో చెప్పాడు. “ఇంటున్నవా? నేను పోయినంక గోడకు గిదే పెట్టున్రి.”

ఆయన అడిగినవాటన్నిటికీ నేను నిజమే చెప్పాను. కిరీటం చక్కగా కూర్చుంది. మెడ వంగలేదు. బిగబట్టిన ఊపిరి కనబడుతోంది. ఒక్క అబద్ధం కూడా ఆడకుండా ఆయనను అంత మోసం చేయగలిగాను. ఆయన ముఖంలో ఆ క్షణాన కనిపించిన తృప్తి చూసి, చేసింది మంచిదే అనుకున్నాను. ఇప్పటికీ కొన్ని రోజులు అలాగే అనుకుంటాను. మిగతా రోజుల్లో ఆ ఎండాకాలం గుర్తొస్తుంది. వేపచెట్టు కింద నిలబడ్డ మనిషికి ఇంకొక్కసారి రాజుగా కూర్చునే రోజు ఉండింది. దాన్ని నేను ఆయనకు దక్కనివ్వలేదు. ఆయన కట్టాల్సిన ఆఖరి వేషం నేను కట్టాను.

పంటలు ఇంటికి వచ్చేలోపు మామ పోయాడు.

ఇక్కడిదాకా చెప్పడం కొంత సులువే. ఇకపై చెప్పేది కష్టం.

పెద్దకర్మకు ముందు రోజు అత్త గోడ మీది పాత పటాన్ని దించి నా చేతికిచ్చింది. ఫ్రేము మంచిది, దీంట్లోనే కొత్త ఫోటో పెట్టమంది. అందులో ఏదో జాతరలో నాటకం వాళ్లంతా కలిసి తీయించుకున్న ఫోటో ఉంది. మధ్యలో మామ. వేషం లేదు. మామూలు అంగీతో, ఎవరో ఏదో అన్నట్టు నవ్వుతున్నాడు. ఆయనది ఆ ఇంట్లో వేరే ఫోటో లేదు. ఆ రోజుల్లో మాలాంటి ఇళ్లలో ఫోటోలు ఎక్కడివి? వెనక అట్ట తీశాను. వానల తేమకు ఫోటో అద్దానికి అతుక్కుపోయి ఉంది.

అలా అతుక్కున్న ఫోటోను ఎలా తీయాలో నాకు తెలుసు. అద్దంతో సహా నీళ్లలో నానబెట్టి వదిలేస్తే మెల్లగా అదే ఊడుతుంది. అప్పటికే ఎంతోమందికి తీసిచ్చాను. ఆ రోజు నానబెట్టలేదు. అంచు పట్టుకుని లాగాను. ఫోటోలో చుట్టూ ఉన్నవాళ్లందరూ కాగితంతో పాటు ఊడి వచ్చారు. నడుమ ఉన్న ముఖం అద్దానికే ఉండిపోయింది. తర్వాత ఆ అద్దాన్ని తడిగుడ్డతో తుడిచాను.

తొందరలో చేశానా? కావాలని చేశానా? ఆ ముఖం గోడ మీద ఉంటే ఏదో ఒకరోజు ఎవరో ఒకరు ఆ ముఖాన్నీ ఈ ముఖాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తారన్న భయం నాకు లేదని చెప్పలేను. మనసు ఏమీ అనలేదు. చేయి లాగింది. కానీ ఆ చేయి నాదే కదా. అయ్యో, పోయిందా అంది అత్త. తేమకు పాడైంది అత్తా అన్నాను. పోతే పోనీ, ఇప్పుడు ఇది ఉంది కదా అంది. నేనే మేకు కొట్టి కొత్త పటం తగిలించాను. మా నాయన దాన్ని చూసి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. బావ మీద దుఃఖం అనుకున్నాను. గుర్తుపట్టాడేమో. ఆయన బతికి ఉన్నన్నాళ్లూ ఆ మాట ఎత్తలేదు, నేనూ అడగలేదు.

ఆ తర్వాత నాకు పేరు వచ్చింది. వనపర్తి బస్టాండు ముందు అద్దాల పెట్టెలో ఆ రాజు కూర్చున్నాడు. పాన్‌గల్ నుంచి, నాగర్‌కర్నూల్ నుంచి నాటకాల వాళ్లు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. అచ్చంపేటలో ఒక బడి వార్షికోత్సవానికి పిలిచి, వేషాలు కట్టిన పిల్లలందరి ఫోటోలు తీయించారు. ఆఫీసులో సార్లు కూడా నన్ను కూర్చోమని చెప్పి మాట్లాడటం మొదలుపెట్టారు. ఎక్కడికి పోయినా అదే అడిగేవారు, ఆ రాజు ఫోటో తీసింది నువ్వేనా అని. నేనే అనేవాణ్ణి. ఆ జవాబు చెప్పేటప్పుడు నా గొంతులో ఎప్పుడూ తడబాటు లేదు. తీసింది నేనే. ఎవరిని తీశావని ఒక్కరూ అడగలేదు.

అత్త మాత్రం ఆ ఫోటోతో మాట్లాడేది. నేను పోయినప్పుడల్లా వినేవాణ్ణి. వంటింట్లోంచి వస్తూ పోతూ, ఏమయ్యా, పద్మకు మళ్ల బిడ్డ పుట్టింది అనేది. ఏమయ్యా, మగ్గం అమ్మేద్దామంటున్నరు, నువ్వేమంటవ్ అనేది. జవాబు కోసం కాసేపు ఆగేది. ఆ ఆగిన కాసేపు నేను తల దించుకుని అన్నం కలుపుకునేవాణ్ణి. ఒకసారి కళ్లు తుడుచుకుని నాతో అంది. ఆయన ఉన్నప్పుడు నన్ను గింత సేపు సూడలె బిడ్డా అని.

పోయిన ఏడాది అత్త పోయింది. ఆ ఇంట్లో ఇప్పుడు మామ పాలివాళ్లుంటారు, తిథి వాళ్లే పెడతారు. ఆమె ఫోటో కూడా నేను తీసిందే ఉంది, పద్మ పెద్దబిడ్డ పెళ్లిలో తీసింది. పద్మ అత్తగారిల్లు నాగర్‌కర్నూల్‌లో. ఈ మధ్య వనపర్తికి వచ్చి, అమ్మా నాయనలు కలిసి ఉన్న ఫోటో ఒక్కటి కూడా లేదు బావా, రెండూ కలిపి ఒకే పటం చేసియ్యి అంది. స్టూడియోల్లో అలా కలపడం ఇప్పుడు మామూలే. నేనూ ఎందరికో చేసిచ్చాను.

కాదనడానికి కారణం దొరకలేదు. చేశాను. రెండు ఫోటోలనూ కత్తిరించి, అంచులు కలిపి, కలిపిన గీత కనబడకుండా కుంచెతో దిద్ది, మళ్లీ ఫోటో తీసి పెద్దది చేశాను. అమ్మ పోయాక నాకు అన్నం పెట్టిన మనిషిని నా పక్కన పెళ్లాంలా కూర్చోబెట్టాను. పని మాత్రం బాగా కుదిరింది. అతికిన చోటు నాకే కనబడలేదు. దాన్ని చూసి కూడా, మీరేమనుకున్నా సరే, లోపల కొంచెం గర్వపడ్డాను.

కాగితంలో చుట్టిన పటాన్ని ఒళ్లో పెట్టుకుని నాగర్‌కర్నూల్ బస్సెక్కాను. పక్కన ఒక పెద్దామె కూర్చుంది. ఎక్కడో డ్యాము పనికి పోయి తిరిగి వస్తోంది. మెడలో నల్లదారానికి చిన్న సిలువ ఉంది. బిజినేపల్లి దగ్గర బస్సు కుదుపుకు పటం మీద కాగితం చిరిగి కిరీటం బయటపడింది. ఈ రాజు ఎవరయ్యా అని అడిగింది.

నేనే అన్నాను.

ఎలా వచ్చిందో ఆ మాట నాకు తెలియదు. పదిహేనేళ్లుగా ఎవరికీ చెప్పనిది, ఊరూ పేరూ తెలియని మనిషికి చెప్పాను. ఆమె కాగితం ఇంకాస్త తొలగించి అత్తను చూసింది. నీ పెండ్లామా అంది. కాదు, మా అత్త అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. అప్పుడు మొదటి నుంచీ చెప్పాను, ఇప్పుడు మీకు చెప్పినట్టే. గాజులా వచ్చిన ఫిల్ము, వేపచెట్టు, అద్దానికి అతుక్కున్న ముఖం, అన్నీ. ఆమె మధ్యలో ఒక్కసారి కూడా నన్ను తప్పుపట్టలేదు. పోనీలే అని కూడా అనలేదు. అంతా విని ఒకే ఒక్క మాట అడిగింది.

“మరి ఆయన మొఖం నీకైన యాదికున్నదా అయ్యా?”

ఉన్నది అన్నాను. మంచిది అని ఆమె తన మూట సర్దుకుని, తన ఊరి దగ్గర దిగిపోయింది.

పద్మ పటం చూసి చాలాసేపు ఏడ్చింది. నాయన ఎంత దర్జాగ ఉన్నడో సూడు బావా అంది. మేకు నేనే కొట్టాను. ఆమెకు చెప్పలేదు. చెప్పి ఆమెకు తండ్రి ముఖం లేకుండా చేయడమా, చెప్పకుండా ఇలాగే ఉండనివ్వడమా, ఏది న్యాయమో తేల్చుకోలేకపోయాను. ఇప్పటికీ తేల్చుకోలేదు.

బస్సులో ఆ పెద్దామెకు చెప్పిన ఆఖరి మాట అబద్ధం. మామ గొంతు నాకు గుర్తుంది. పల్లీల సంచి ఇచ్చిన చేయి గుర్తుంది. తలలో నూలు పోగులు గుర్తున్నాయి. ముఖం మాత్రం గుర్తు లేదు. కళ్లు మూసుకుని ఎంత తలచుకున్నా నేను తీసిన ఫోటోనే వస్తుంది. చాలా మంచి ఫోటో అది. దాని వెనక ఆయన ఎక్కడో ఉన్నాడు, నాకు కనబడటం లేదు. ఆమెకు చెప్పలేకపోయిన ఈ మాట మీకు చెప్పాను. ఈ పూట కొంచెం ఊపిరి ఆడుతోంది.